నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు? పార్శ్వపు నొప్పిపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో తలనొప్పి గురించి రాసినవే ఎక్కువ. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఎండలు ముదిరినప్పుడు ఏటా ఇలాగే వస్తుంటాయి. వాటిలో మైగ్రేన్‌కు, అంటే పార్శ్వపు నొప్పికి సంబంధించిన కొన్నింటిని ఎంచుకుని జవాబిస్తున్నాను. ఇక్కడ చెప్పిన మోతాదులు పెద్దవారికి సాధారణంగా వాడేవి. మీ ఇతర జబ్బులను, వాడుతున్న మందులను చూసి మీకు ఏది తగునో మిమ్మల్ని పరీక్షించిన వైద్యులే నిర్ణయించాలి.

ప్రశ్న: నా వయసు 36. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో టీచరుగా పనిచేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచి నెలకు రెండు మూడుసార్లు ఎడమ కణత పోట్లు, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం ఉండేవి. రెండేళ్ళుగా దాదాపు రోజూ తల బరువుగా ఉంటోంది. ఉదయం ఒక తలనొప్పి బిళ్ళ వేసుకుంటే తప్ప బడికి వెళ్ళలేకపోతున్నాను. సైనస్ అని కొన్నాళ్ళు మందులు ఇచ్చారు, కళ్ళద్దాలు మార్చారు, చివరికి స్కాన్ తీసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఈ నొప్పి ఎందుకు? (ఒక సోదరి, చిత్తూరు)

జవాబు: స్కాన్‌లో ఏమీ కనబడనంత మాత్రాన మీ నొప్పి లేనిదైపోదు. మైగ్రేన్ మెదడు పనితీరుకు సంబంధించిన వ్యాధి కనుక సీటీలోగాని ఎమ్మారైలోగాని సాధారణంగా కనబడదు. ముఖం నుంచి, మెదడు పొరల నుంచి నొప్పిని చేరవేసే ట్రైజెమినల్ నరం ఉద్రేకించినప్పుడు దాని కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై, ఆ పొరల్లోని రక్తనాళాలను వెడల్పు చేసి, నొప్పి రగులుతూ ఉండేలా చేస్తుంది. ఈ వ్యాధిని పట్టి ఇచ్చేవి రోగి చెప్పే వివరాలే. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల పాటు ఉండే నొప్పి, ఒకవైపు ఎక్కువగా ఉండడం, పోట్లు పొడిచినట్లుండడం, మెట్లెక్కితే పెరగడం, వాటికి తోడు వికారమో వాంతులో, లేదా వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, ఇలా కనీసం ఐదుసార్లు వచ్చి మరో కారణమేదీ కనబడకపోతే దానిని మైగ్రేన్‌గానే నిర్ధారిస్తాము. మీ ఉత్తరంలో ఈ లక్షణాలు స్పష్టంగా ఉన్నాయి. సైనస్ అని పొరబడడం కూడా చాలా మామూలు, ఎందుకంటే మైగ్రేన్ వచ్చినప్పుడూ ముక్కు దిబ్బడ వేస్తుంది, కంట నీరు కారుతుంది. జ్వరమూ, చిక్కటి పసుపుపచ్చ చీమిడీ లేకుండా ఏళ్ళ తరబడి వచ్చిపోయే నొప్పి సైనస్ వల్ల రావడం అరుదు.

ఇది సగం జవాబు మాత్రమే. నెలకు రెండు మూడుసార్లు వచ్చే నొప్పి రోజువారీ నొప్పిగా ఎందుకు మారింది అన్నదే మీ విషయంలో అసలు ప్రశ్న. దానికి కారణం మీరు రోజూ ఉదయం వేసుకుంటున్న ఆ మాత్రేనని నేను అనుకుంటున్నాను. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటి విడి మందులను నెలలో 15 రోజులు లేదా అంతకు మించి, కెఫీన్ వంటివి కలిపిన మిశ్రమ మాత్రలను, మైగ్రేన్‌కే వాడే ఎర్గోటమైన్‌ను, ట్రిప్టాన్లను 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే, నొప్పిని తగ్గించవలసిన మందే నొప్పిని నిలబెడుతుంది. మాత్ర ప్రభావం తగ్గగానే తల బరువెక్కుతుంది, దానికి మరో మాత్ర వేసుకుంటారు, మరునాడు మళ్ళీ అదే. రోగులు నాకు ఎన్ని మాత్రలు వేసుకున్నారో చెబుతారు, కాని నాకు కావలసింది మాత్ర వేసుకున్న రోజుల లెక్క. ఒకే రోజు రెండు వేసుకున్నా అది ఒక రోజే, రోజుకు అర మాత్ర చొప్పున నెలంతా వేసుకున్నా అది ముప్ఫై రోజులే.

కనుక ముందుగా ఆ మాత్ర మానాలి. పారాసిటమాల్, కెఫీన్ వంటివి కలిపిన మాత్రలను ఒక్కసారిగానే మానవచ్చు. మీ మాత్రలో కోడీన్ గాని, ట్రమడాల్ గాని ఉంటే మాత్రం వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి, అందుకని అట్ట వెనుక రాసి ఉన్న పేర్లు చదివి చూడండి. మానిన తొలి రోజుల్లో నొప్పి పెరుగుతుంది. సాధారణంగా 2 నుంచి 10 రోజుల పాటు వికారం, నిద్రలేమి, చిరాకు కూడా ఉండవచ్చు. అందువల్ల బడికి సెలవులున్న వారాన్ని ఎంచుకుని, ఇంట్లోవారికి ముందే చెప్పి మొదలుపెట్టండి. ఆ పది రోజులకు వాంతులు ఆపే మందు, అవసరమైతే పరిమితంగా మరో రకం నొప్పి మందు మీ వైద్యులు రాసిస్తారు.

ఇంట్లో గోడకు తగిలించుకునే తిథుల కేలండరు ఉంటుంది కదా. నొప్పి వచ్చిన తేదీ మీద ఒక అడ్డగీత, మాత్ర వేసుకున్న తేదీ చుట్టూ ఒక సున్నా, నెలసరి మొదలైన తేదీ దగ్గర ఒక చుక్క పెట్టండి. మూడు నెలల తరువాత ఆ కాగితాలు చించి వైద్యుల దగ్గరికి తీసుకువెళ్ళండి. నా అనుభవంలో ఖరీదైన పరీక్షల నివేదికలకన్నా ఆ మూడు కాగితాలే చికిత్సను ఎక్కువగా మారుస్తాయి.

దీనితో పాటు నొప్పి రాకుండా ఆపే మందు, అంటే నివారణ మందు, రోజూ వాడాలి. నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి వచ్చేవారికి, లేదా తక్కువసార్లే వచ్చినా పనిని పూర్తిగా ఆపేసేంతగా వచ్చేవారికి దీనిని సూచిస్తాము. ప్రొప్రనొలాల్ ఎంతో కాలంగా వాడుకలో ఉన్న మందు, చవకైనది కూడా, కాని ఉబ్బసం ఉన్నవారికి ఇవ్వకూడదు. నిద్ర సరిగా పట్టనివారికి రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెడతాము. నోరు ఎండడం, ఉదయం మత్తు, కొంత బరువు పెరగడం దాని ఇబ్బందులు. టోపిరమేట్ బరువు పెంచదు సరికదా తగ్గిస్తుంది, అయితే వేళ్ళలో తిమ్మిరి, మాటల కోసం తడుముకోవడం, కొందరిలో మూత్రపిండాల్లో రాళ్ళు రావచ్చు. ఫ్లూనారిజిన్‌ను మన దేశంలో విరివిగా వాడతారు, కాని దిగులు జబ్బు ఉన్నవారికి, వణుకు ఉన్న వృద్ధులకు అది తగదు. పిల్లలు కావాలనుకుంటున్న స్త్రీలకు వాల్‌ప్రోయేట్ ఇవ్వకూడదు, టోపిరమేట్ కూడా మంచిది కాదు. ఈ రెండూ గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. మీరు సంతానం విషయం ఉత్తరంలో రాయలేదు, వైద్యులు అడగకపోయినా మీరే చెప్పండి.

ఈ మందులు వారంలో పనిచేయవు. తగిన మోతాదుకు చేరిన తరువాత 8 నుంచి 12 వారాలు వాడితేనే ఫలితం తెలుస్తుంది. నేను చూసినవారిలో చాలామంది రెండో వారంలోనే మానేసి, ఆ మందు పనిచేయలేదని చెప్పినవారే. మరికొందరు, ‘ఇది ఫిట్స్ మందు’ అనో ‘ఇది మనసు బాగాలేనివాళ్ళకు ఇచ్చేది’ అనో మందుల షాపులో ఎవరో అన్న మాటకు భయపడి ఆపేశారు. ఒకే మందు తక్కువ మోతాదులో ఒక వ్యాధికి, ఎక్కువ మోతాదులో మరో వ్యాధికి పనిచేయడం వైద్యంలో సర్వసాధారణం. బీపీకి వాడే ప్రొప్రనొలాల్ మైగ్రేన్‌కు పనికివచ్చినట్లే, మూర్ఛకు వాడే టోపిరమేట్ కూడా పనికివస్తుంది. దయచేసి ఆ ఒక్క మాట విని చికిత్స ఆపవద్దు.

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తాను, వయసు 27. వారం పగలు, వారం రాత్రి డ్యూటీ. నెలకు ఒకటి రెండుసార్లు కళ్ళ ముందు రంపపు పళ్ళలాంటి వెలుగు గీతలు మెరుస్తూ అరగంట ఉండి పోతాయి, ఆ తరువాత విపరీతమైన తలనొప్పి. ఇది పక్షవాతానికి సూచనా? పారాసిటమాల్ పనిచేయడం లేదు. (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: మీరు వర్ణించినది ఆరా, అంటే మైగ్రేన్ నొప్పికి ముందు వచ్చే సూచన. మెదడు వెనుక భాగంలో ఒక విద్యుత్ చర్య మెల్లగా పాకుతూ పోవడం వల్ల ఇది వస్తుంది, 5 నుంచి 60 నిమిషాలు ఉండి పూర్తిగా తగ్గిపోతుంది. పక్షవాతం చాలావరకు హఠాత్తుగా వస్తుంది, ఆరా నిమిష నిమిషానికీ కొద్దికొద్దిగా వ్యాపిస్తుంది. అయినా మొదటిసారి ఇలా వచ్చినవారు, చెయ్యి కాలు బలహీనపడినవారు వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. ఆరా ఉన్న మైగ్రేన్ రోగులకు పక్షవాతం ముప్పు ఇతరులకన్నా సుమారు రెండింతలు ఉంటుంది. మీ వయసులో అసలు ముప్పే చాలా తక్కువ కనుక రెండింతలైనా అది తక్కువే. కాని సిగరెట్టు దాన్ని చాలా పెంచుతుంది. మీకు ఆ అలవాటు ఉంటే ఇవాళే మానండి. ఆరా వచ్చే స్త్రీలు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదన్న విషయాన్ని కూడా ఈ సందర్భంలోనే చెబుతున్నాను, మీ ఇంట్లో ఎవరికైనా అవసరం కావచ్చు.

మీకు పారాసిటమాల్ పనిచేయకపోవడానికి రెండు కారణాలుండవచ్చు. చాలామంది 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటే వేసుకుంటారు, అది చాలదు. పైగా కౌంటర్ దగ్గర జనం తగ్గాక వేసుకుందాంలే అని ఆలస్యం చేస్తారు. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలికలు మందగిస్తాయి, కాబట్టి నొప్పి ముదిరాక మింగిన మాత్ర చాలాసేపు కడుపులోనే ఉండిపోతుంది. నొప్పి మొదలైన తొలి గంటలోపే పూర్తి మోతాదు వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు లేనివారికి 500 మిల్లీగ్రాముల నాప్రోక్సెన్, దానితో డోంపెరిడోన్ వంటి వాంతి మందు ఇస్తే చాలామందికి తగ్గుతుంది.

దానికీ తగ్గకపోతే ట్రిప్టాన్ మందులున్నాయి. 1990ల తొలినాళ్ళలో సుమాట్రిప్టాన్ రావడం మైగ్రేన్ చికిత్సలో పెద్ద మలుపు, అది కేవలం నొప్పిని అణచదు, మొదటి జవాబులో చెప్పిన ట్రైజెమినల్ నరం కొసల నుంచి సీజీఆర్‌పీ విడుదలను ఆపుతుంది. సుమాట్రిప్టాన్ 50 మిల్లీగ్రాములు, లేదా రిజాట్రిప్టాన్ 10 మిల్లీగ్రాములు వాడతాము. మీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: వెలుగు గీతలు కనబడుతున్నప్పుడు కాదు, నొప్పి మొదలైనప్పుడు వేసుకోవాలి. తగ్గిన నొప్పి తిరగబెడితే రెండు గంటల తరువాత మరొకటి వేసుకోవచ్చు. మొదటిది అసలు పనిచేయకపోతే ఆ దఫాకు రెండోది కూడా సాధారణంగా పనిచేయదు. మెడ, ఛాతీ కాసేపు బిగబట్టినట్లు అనిపించవచ్చు. గుండె రక్తనాళాల జబ్బు, పక్షవాతం వచ్చినవారికి, అదుపులో లేని బీపీ ఉన్నవారికి ట్రిప్టాన్లు ఇవ్వకూడదు, కాబట్టి ఇతరుల చీటీ చూసి కొనకండి. వారం వారం మారే డ్యూటీ మీ నొప్పికి ఒక కారణమే. యజమానిని అడిగి కనీసం నెలకు ఒకసారి మారేలా చేసుకోగలిగితే మంచిది.

ప్రశ్న: మా కోడలికి అయిదో నెల. పెళ్ళైనప్పటి నుంచీ తలనొప్పి అని గది తలుపు వేసుకుని పడుకుంటుంది. పని తప్పించుకోవడానికేమో అనుకునేదాన్ని. ఇప్పుడు కడుపుతో ఉంది, ఏ మందు ఇవ్వాలన్నా భయంగా ఉంది. (ఒక అత్తగారు, పలమనేరు)

జవాబు: అమ్మా, మీరు దాచుకోకుండా రాసినందుకు కృతజ్ఞతలు. మైగ్రేన్ వచ్చినవారికి చీకటి, నిశ్శబ్దం కావాలి, తలుపు వేసుకోవడం వ్యాధి లక్షణమే. వంటింట్లో పోపు ఘాటు, పూజ గదిలో అగరొత్తుల వాసన కూడా ఆ సమయంలో వాంతి తెప్పిస్తాయి. ఆ రోజు పోపు పెట్టే పని ఆమెకు తప్పించండి, గదిలో నీళ్ళు పెట్టండి, పిలవకండి.

ఆశ కలిగించే సంగతి ఏమంటే, నాలుగో నెల నుంచి చాలామంది గర్భిణులకు మైగ్రేన్ దానంతటదే తగ్గుతుంది. వచ్చినప్పుడు పారాసిటమాల్ మొదటి ఎంపిక, అవసరమైతే వైద్యులు వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ చేరుస్తారు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఇరవయ్యో వారం తరువాత వద్దు. ఎర్గోటమైన్ గర్భంలో ఎప్పుడూ వద్దు. కాని ఇప్పటి నుంచి ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఎప్పుడూ వచ్చే నొప్పి తీరు మారినా, బీపీ పెరిగినా, ముఖం, చేతులు ఉబ్బినా, చూపు మసకబారినా దానిని పాత తలనొప్పే అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కాన్పు తరువాత సంగతి కూడా చెప్పాలి. మన వైపు కొన్ని ఇళ్ళలో బాలింతకు నీళ్ళు ఎక్కువ తాగనివ్వకూడదన్న పట్టింపు ఇంకా ఉంది. కాన్పు తరువాతి వారాల్లో రక్తం సహజంగానే గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది, దానికి నీరు తక్కువ కావడం తోడైతే మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బాలింతకు తగ్గని తలనొప్పి వచ్చినా, మూర్ఛ వచ్చినా అది అత్యవసర పరిస్థితి. ఆమెకు దాహమైనప్పుడల్లా నీళ్ళు ఇవ్వండి. ఈ మాట మీ వంటి పెద్దవారు చెబితేనే ఇంట్లో నిలుస్తుంది.

ప్రశ్న: నా వయసు 61. జీవితంలో తలనొప్పి ఎరగను. రెండు నెలలుగా కుడి కణత నొప్పి, అన్నం నమిలితే దవడ లాగుతోంది. మైగ్రేన్ మందు ఏది మంచిది? (ఒక విశ్రాంత ఉద్యోగి, శ్రీకాళహస్తి)

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే వైద్యుల దగ్గరికి వెళ్ళండి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని మైగ్రేన్ అనుకోకూడదు. నమిలితే దవడ నొప్పి రావడం కణత ధమని వాపును సూచిస్తుంది. చికిత్స ఆలస్యమైతే కంటిచూపు పోవచ్చు, పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే మామూలు రక్తపరీక్షలతో అనుమానం బలపడుతుంది, స్టెరాయిడ్లు వెంటనే మొదలుపెడతారు. దగ్గరలో తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ఈ లోపు చూపు ఒక్క క్షణం మసకబారినా రాత్రి అని చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్ళండి.

ప్రశ్న: నేను శనివారాలు ఒంటిపొద్దు ఉంటాను. ఆ సాయంత్రం తప్పకుండా పార్శ్వపు నొప్పి వస్తుంది. తలకు పోసుకున్న రోజు కూడా అంతే. ఇంగ్లీషు మందులు ఇష్టం లేదు. ముక్కులో పసరు వేయించుకుంటే పోతుందని అంటున్నారు. (ఒక గృహిణి, తిరుపతి)

జవాబు: మైగ్రేన్ మెదడుకు మార్పు గిట్టదు. భోజనం వేళ తప్పడం, నిద్ర తగ్గడం, ఎండ, నెలసరి ముందు హార్మోన్లు పడిపోవడం, ఇవన్నీ నొప్పిని లేపుతాయి. తలస్నానం తరువాత నొప్పి రావడం మన దేశపు రోగుల్లో వైద్యులు ప్రత్యేకంగా గమనించిన విషయమే. జుట్టు తడిగా ఉండగానే ముడి వేసుకోకుండా, పూర్తిగా ఆరేదాకా ఫ్యాను గాలికి గాని ఎండకు గాని వెళ్ళకుండా చూసుకోండి. ఒంటిపొద్దును మానమని నేను చెప్పను. నియమంలో పాలు, పండ్లు, మజ్జిగ చెల్లుతాయి కనుక మూడు గంటలకొకసారి ఏదో ఒకటి తీసుకోండి, ఉదయం కాఫీ అలవాటుంటే ఆ రోజు కూడా అదే వేళకు తాగండి. కాఫీ మానడం వల్ల వచ్చే తలనొప్పిని ఉపవాసం మీద వేసేవారు చాలామంది ఉన్నారు. కాలినడకన కొండ ఎక్కేటప్పుడు అలిపిరి మెట్లను తెల్లవారుజామునే మొదలుపెట్టండి, క్యూలో ఎంతసేపు పడుతుందో తెలియదు కనుక మందు మీ దగ్గరే ఉంచుకోండి.

పసరు విషయంలో నా అభిప్రాయం స్పష్టం: వద్దు. ఏ ఆకో, ఎంత గాఢతో తెలియని రసం ముక్కు లోపలి పొరను కాల్చగలదు, ఆ మంటలో కాసేపు తలనొప్పి తెలియకపోవడాన్ని నయం కావడం అనుకుంటారు. మందులు వద్దనుకునేవారికి ఆధారమున్న మార్గాలు లేకపోలేదు. రోజుకు 400 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్ (విటమిన్ బి2), మెగ్నీషియం, క్రమం తప్పని నడక, విశ్రాంతి సాధన కొందరికి మేలు చేస్తాయి, ఆక్యుపంక్చర్‌కు కూడా కొంత ఆధారం ఉంది. మూడు నెలలు వీటిని ప్రయత్నించి, కేలండరు మీద గీతలు తగ్గకపోతే, అప్పుడు మందుల గురించి మళ్ళీ ఆలోచించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్ళు, నెలలో పద్దెనిమిది రోజులు నొప్పే. నాలుగు రకాల మందులు వాడాము. కొత్త ఇంజెక్షన్లు వచ్చాయంటున్నారు. పూర్తిగా నయమవుతుందా? (ఒక తండ్రి, పుత్తూరు)

జవాబు: నెలలో 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో, మూడు నెలలకు పైగా ఉంటే దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటాము. వీరికి బొటాక్స్ ఇంజెక్షన్ల వాడకానికి అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. నుదురు, కణతలు, తల వెనుక, మెడ, భుజాల మీద 31 చోట్ల సన్నని సూదితో మొత్తం 155 యూనిట్లు ఇస్తారు, 12 వారాలకొకసారి తిరిగి ఇవ్వాలి. ఒక్కసారికి గుణం కనబడకపోయినా రెండు మూడు దఫాలు చూడాలి.

మీరు విన్న కొత్త ఇంజెక్షన్లు సీజీఆర్‌పీని అడ్డుకునే యాంటీబాడీలు. మైగ్రేన్ కోసమే తయారైన నివారణ మందులివి, అంతకుముందు వాడినవి చాలావరకు వేరే జబ్బుల నుంచి అరువు తెచ్చుకున్నవే. వాటిలో ఒకటైన ఎరెన్యుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. నెలకొకసారి చర్మం కింద ఇస్తారు, మలబద్ధకం, కొందరిలో బీపీ పెరగడం దాని ఇబ్బందులు. ఈ పరిశోధనకు పునాది వేసిన నలుగురు శాస్త్రవేత్తలకు, అంటే గోడ్స్‌బీ, ఎడ్విన్సన్, ఓలెసన్, మాస్కోవిట్జ్‌లకు 2021లో మెదడు పరిశోధనకు ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ లభించింది. ఎరెన్యుమాబ్‌పై జరిగిన ఒక పెద్ద పరీక్షలో, ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో సగం మందికి మైగ్రేన్ రోజులు కనీసం సగానికి తగ్గాయి. అంటే పద్దెనిమిది రోజులు తొమ్మిది కావచ్చు, కాకపోనూవచ్చు. ఇవి ఖరీదైనవి, నెలల తరబడి వాడవలసినవి. అప్పు చేసి మొదలుపెట్టి రెండు నెలలకే ఆపేస్తే డబ్బూ పోతుంది, మందు పనిచేసిందో లేదో కూడా తెలియదు. అందుకని ముందు రెండు విషయాలు చూడండి. ఆ నాలుగు మందుల్లో ఒక్కొక్కటి తగిన మోతాదులో కనీసం రెండు నెలలు వాడారా? అమ్మాయి నెలలో ఎన్ని రోజులు నొప్పి మాత్ర వేసుకుంటోంది? మొదటి ప్రశ్నకు ‘లేదు’ అన్నా, రెండోదానికి పది దాటినా, ఇంజెక్షన్ కన్నా ముందు చేయవలసిన చికిత్స ఇంకా మిగిలే ఉంది.

పూర్తిగా నయం కావడం గురించి అడిగారు. మైగ్రేన్ స్వభావం చాలావరకు వంశపారంపర్యంగా వస్తుంది, దానిని తీసివేసే మందు లేదు. నొప్పి రోజులను నెలకు రెండు మూడుకు దింపి అక్కడ నిలబెట్టడం మాత్రం చాలామందిలో సాధ్యమవుతుంది. వయసు పైబడేకొద్దీ, ముఖ్యంగా నెలసరి ఆగిన తరువాత, స్త్రీలలో ఎక్కువ మందికి తగ్గుతుంది. నివారణ మందులను కూడా జన్మంతా వాడనక్కరలేదు. ఆరు నెలల నుంచి ఏడాది వరకు నొప్పి నిలకడగా తగ్గి ఉంటే మోతాదును కొద్దికొద్దిగా తగ్గించి ఆపి చూస్తాము, తిరగబెడితే మళ్ళీ మొదలుపెడతాము. అమ్మాయిని తీసుకువచ్చేటప్పుడు వాడిన మందుల పాత చీటీలన్నీ వెంట తెండి. ఏది ఎంత మోతాదులో, ఎన్నాళ్ళు వాడారో వాటిలోనే తెలుస్తుంది.